టేపు తీసుకురా, అర్జీ తరవాత రాద్దాం

చి.సౌ. మేనకోడలికి అత్త ఆశీర్వదించి రాయునది.

నువ్వు వాట్సాప్‌లో పంపిన అర్జీ రెండుసార్లు చదివాను. నాలుగు పేజీలు, పన్నెండు అంశాలు. వీధిలో నిలిచే వాన నీళ్లు, వెలగని దీపాలు, దోమలు, రోడ్డు మీద ఆవులు, పైపు లీకు, బళ్లు పెట్టుకోవడానికి చోటు లేకపోవడం, చివర్లో మార్కెట్ దగ్గర ఆడవాళ్లకి మరుగుదొడ్డి. అందులో ఒక్కటీ అబద్ధం కాదు. మొన్నటి వానకి నీ షాపులోకి నీళ్లొచ్చి కింది అరలో లేసు గుడ్డలన్నీ తడిసిపోయాయని మీ అమ్మ చెప్పిన దగ్గర్నుంచి నా మనసు మనసులో లేదు. అందుకే ఫోన్లో నాలుగు ముక్కలు చెప్పి ఊరుకోకుండా కూర్చుని రాస్తున్నాను. ఆ అర్జీ ఇవ్వకమ్మా. ఇంకోటి రాద్దాం.

ఎందుకో చెబుతాను. మున్సిపల్ ఆఫీసులో ఇన్‌వర్డ్ సీట్లో నేను పదకొండేళ్లు పనిచేశాను. వచ్చిన ప్రతి కాగితం మీద తేదీ ముద్ర వేసి, రిజిస్టర్లో ఎక్కించి, ఏ సెక్షన్‌కి పోవాలో రాసి పంపేదాన్ని. పన్నెండు అంశాల కాగితానికైనా నంబరు ఒకటే పడుతుంది, ముందు వెళ్లేది ఒక సెక్షన్‌కే. ఇంజనీరింగ్‌కి పంపితే వాళ్లు డ్రెయిన్ మాట చూసి, ఆవుల సంగతి శానిటేషన్ వాళ్లదని, పార్కింగ్ టౌన్ ప్లానింగ్ వాళ్లదని నోట్ రాసి పక్కకి పంపుతారు. అలా తిరిగి తిరిగి 'తగు చర్య నిమిత్తం' అన్న ముక్కతో ఎవరిదో ఒకరి బీరువాలో ఆగిపోతుంది. వాళ్లు చెడ్డవాళ్లని కాదు. ఆ కాగితం చూసి ఎవరూ ఎస్టిమేట్ వేయలేరు, అంతే. ఎస్టిమేట్ లేకపోతే కౌన్సిల్ ఎజెండాలోకి రాదు, ఎజెండాలోకి రానిది తీర్మానం అవదు, తీర్మానం లేనిది పని అవదు.

కాబట్టి ఒక కాగితానికి ఒక పని. మీకు అసలు పని డ్రెయిన్. నీళ్లు కదిలితే దోమలు సగం తగ్గుతాయి, రోడ్డు నాలుగు రోజులు ఎక్కువ నిలుస్తుంది. వెలగని దీపానికీ ఎత్తని చెత్తకీ అందరి సంతకాలతో మహజరు అక్కర్లేదు. వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీకో, శానిటేషన్ సెక్రటరీకో స్తంభం నంబరు, డోర్ నంబరు రాసిచ్చి రసీదు తీసుకో. మరుగుదొడ్డి మాత్రం వదలొద్దు, దానికి విడిగా ఇంకో కాగితం పెడదాం. మార్కెట్లో కూరలమ్మే ఆడవాళ్లే దాని మీద ముందు సంతకం పెట్టాలి.

ఇప్పుడు కొలతల మాట. నేను సీట్లో ఉన్న రోజుల్లో కొబ్బరికాయల కొట్టాయన ఒకాయన వచ్చాడు. అరపేజీ అర్జీ, చేతిలో ఒక పురికొస. ఆ పురికొసకి నాలుగు ముడులున్నాయి. మొదటి వానకి తన గడప మీద నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో అక్కడ ఒక ముడి, రెండో వానకి ఇంకో ముడి, అలా వేసుకున్నాడు. ఏఈ గారు, అంటే అసిస్టెంట్ ఇంజనీరు, దాన్ని టేబుల్ మీద పరిచి స్కేలు పెట్టి కొలిచి, అర్జీ వెనకాలే అంకెలు వేసుకున్నారు. ఆ మర్నాడే ఆయన వెళ్లి చోటు చూసొచ్చారు. 'మోకాలి లోతు నీళ్లు' అని రాసినవాళ్లు ఆ ఏడాది ఇంకా చాలామంది ఉన్నారు. ఎవరి మోకాలో ఇంజనీరుకి ఏం తెలుస్తుంది?

మీరూ అలాగే చేయండి. వీధి ఈ చివర డోర్ నంబరు నుంచి ఆ చివర డోర్ నంబరు దాకా డ్రెయిన్ ఎన్ని అడుగులో, వెడల్పెంతో, లోతెంతో, అందులో పూడిక ఎంతో కొలవండి. వాన పడ్డ రోజు, తేదీ, ఎన్ని గంటలకి నీళ్లు నిలిచాయి, ఎన్ని గంటలకి దిగాయి, ఏ ఇంటి గోడ మీద మరక ఎంత ఎత్తులో ఉంది, ఇవన్నీ ఒక పేజీలో రాయండి. ఫోటోలు మూడు చాలు. గోడకి టేపు ఆనించి తీసిన ఫోటో ఒక్కటి ఉత్తి నీళ్ల ఫోటోలు పదింటికి సమానం.

తరవాత, ఆ నీళ్లు చివరికి ఎక్కడ పడుతున్నాయో వెంట నడిచి చూడు. ఇది మన గోదావరి డెల్టాలో మరీ ముఖ్యం. కాటన్ దొర హయాంలో 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక చేలకి నీళ్లు తెచ్చే కాలువలు వచ్చాయి. చేలల్లోంచి, ఊళ్లలోంచి నీళ్లు దింపే మురుగు కోడులు వేరు. ఊళ్లో వాళ్లం రెంటినీ 'కాలువ' అనే అంటాం, అర్జీలోనూ అలాగే రాస్తాం. మీ వీధి డ్రెయిన్ మున్సిపాలిటీది. అది కలిసే పెద్ద డ్రెయిన్ జలవనరుల శాఖది కావొచ్చు. మధ్యలో మెయిన్ రోడ్డు కింద తూము ఉంటే ఆ రోడ్డు ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) వాళ్లదో, నేషనల్ హైవే వాళ్లదో అయి ఉంటుంది. తూము మూసుకుపోతే మీ వీధిలో ఎంత మంచి డ్రెయిన్ కట్టినా నీళ్లు అక్కడే నిలుస్తాయి. కాబట్టి అర్జీ కమిషనర్ గారి పేరున రాసి, తూము ఎవరిదైతే వాళ్ల డిప్యూటీ ఇంజనీరుకి (డీఈ) కాపీ పెట్టాలి.

ఇంకోటుంది. మన ఊరు సముద్రానికి దగ్గర. పోటు వేళకి పెద్ద డ్రెయిన్‌లో నీళ్లు దిగవు, వెనక్కి తంతాయి. అమావాస్యకీ పున్నమికీ మరీను. గుర్రపుడెక్క పేరుకుంటే ఇక చెప్పక్కర్లేదు. వాన వెలిసి నాలుగు గంటలైనా నీళ్లు దిగడం లేదంటే తప్పు మీ డ్రెయిన్‌దా, పోటుదా అన్నది తెలియాలి. పోటుదైతే డ్రెయిన్ లోతు చేసినా లాభం లేదు. చివర తలుపు పెట్టాలి, లేదా మోటారు పెట్టి తోడాలి. అది వేరే ఎస్టిమేట్.

అమ్మాయ్, ఇప్పుడు చెప్పేది కొంచెం కష్టంగా ఉంటుంది. మీ షాపుల ముందు మెట్లన్నీ డ్రెయిన్ మీదే ఉన్నాయి. మా వీధిలోనూ అంతే. రిటైరయ్యాక ఒకసారి మా ఎదురు షాపాయన్ని బతిమాలి పలక ఒకటి గునపంతో లేపించాను. కింద నల్లటి పూడిక పలకని దాదాపు అంటుకుని ఉంది. అందులో బొండాం డొక్కలు, టీ కప్పులు, చిన్నపిల్లల చెప్పు ఒకటి. నీళ్లు పోవడానికి మిగిలింది నాలుగు వేళ్ల సందు. ఆ పలక పోత పోసేసింది, పూడిక తీసే మనిషి చెయ్యి పెట్టే వీలే లేదు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. పదేళ్లుగా మున్సిపాలిటీని తిట్టిన మనిషి.

మీ అర్జీ నెగ్గేదీ ఓడేదీ ఇక్కడే. డ్రెయిన్ మీద కట్టడాలు తీయించే అధికారం మున్సిపాలిటీకి ఉంది. మీరు ఆ సంగతి దాచి అర్జీ పెడితే ఏఈ వచ్చి చూస్తారు, టౌన్ ప్లానింగ్ నోటీసులు వస్తాయి, మెట్లు పోయేవాళ్లు పని ఆపించాలని తిరుగుతారు, వెనక వీధి ఇళ్లవాళ్లకీ మీకూ మాటలుండవు. అలా చెడిన వీధుల్ని నేను చూశాను. అర్జీకి ముందే షాపులవాళ్లనీ ఇళ్లవాళ్లనీ ఒకచోట కూర్చోబెట్టు. 'మా మెట్లు మేమే తీసుకుంటాం, వాటి స్థానంలో కొక్కేలున్న చిన్న పలకలు, లేపి శుభ్రం చేసుకునేలా ఇప్పించండి, పెద్దవాళ్లు ఎక్కడానికి ర్యాంపు వాలు ఉంచండి' అని అర్జీలోనే రాసి ఒక్కో షాపు యజమాని చేత సంతకం చేయించు. మొదటి సంతకం నీదే ఉండాలి. నీ మెట్టు నువ్వు తీస్తానంటేనే పక్కవాడు తీస్తాడు.

సంతకాల కాగితంలో పేరు పక్కన డోర్ నంబరు, ఇంటి పన్ను అసెస్‌మెంట్ నంబరు, షాపులకి ట్రేడ్ లైసెన్స్ నంబరు గడులు పెట్టు. అద్దెకున్నవాళ్ల చేత కూడా చేయించు, నీళ్లలో నడిచేది వాళ్లే. పక్క వీధివాళ్ల చేతా స్నేహితుల చేతా పెట్టించిన మూడొందల సంతకాల కన్నా మీ వీధి నలభై ఇళ్లవే బలం. పన్ను బకాయి ఉన్నవాళ్లు ముందు కట్టేయడం మంచిది, పన్ను ఎలాగూ ఆరు నెలలకోసారి కట్టాల్సిందే.

రోడ్డు గురించి ఒక మాట. మా వీధికి సిమెంటు రోడ్డు కావాలని అర్జీ రాసింది నేనే. వేశారు, సంతోషించాం. కొన్నేళ్లకి దాని మీదే ఇంకో పొర వేశారు. మా ఇంటికి ఒకప్పుడు మూడు మెట్లుండేవి, ఇప్పుడు ఒకటే ఉంది. గట్టి వాన పడితే రోడ్డు మీది నీళ్లు హాల్లోకి వస్తున్నాయి. మీ మావయ్య గారి పుస్తకాల పెట్టె అలాగే పాడైపోయింది. పాత పొర తవ్వి తీశాకే కొత్తది వేయాలని నేను ఆ అర్జీలో ఒక్క వాక్యం రాసి ఉండాల్సింది. నువ్వు రాయి. 'రోడ్డు మట్టం ఇప్పుడున్న గడపల కన్నా ఇన్ని అంగుళాలు కిందికి ఉండాలి' అని అంకె వేసి రాయి.

ఇవ్వడం ఎప్పుడంటే, ఈ నెలలోనే. వచ్చే ఏప్రిల్ 1 నుంచి మొదలయ్యే ఏడాది బడ్జెట్ అంచనాలు చలికాలంలోనే తయారవుతాయి. ఎండాకాలంలో కాలువలకి నీళ్లు ఆపేసినప్పుడు డ్రెయిన్లలోనూ నీళ్లు తగ్గుతాయి, పని అప్పుడే జరగాలి. జూన్‌లో అర్జీ ఇస్తే ఆ ఏడాదికి మునిగినట్టే.

రెండు కాపీలు పట్టుకెళ్లి ఇన్‌వర్డ్‌లో ఇచ్చి, నీ కాపీ మీద నంబరూ తేదీ ముద్రా వేయించుకో. ఛాంబర్‌లో చేతికిచ్చి ఫోటో దిగి వచ్చేస్తే నంబరు పడదు. కౌన్సిలర్‌కి ఒక కాపీ ఇచ్చి ఎజెండాలో పెట్టించమని అడుగు. పాలకవర్గం లేని సమయమైతే కౌన్సిల్ అధికారాలు స్పెషల్ ఆఫీసర్‌కి ఉంటాయి, ఆయనకివ్వు. మూడు వారాలు ఆగి, నంబరు చెప్పి ఫైలు ఎవరి సీట్లో ఉందో మర్యాదగా అడుగు. సీట్లో వాళ్లని కసరకమ్మా, వాళ్లే రేపు ఫైలు కదిపేది. అప్పటికీ జవాబు లేకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో 'మా అర్జీ మీద తీసుకున్న చర్య, నోట్‌ఫైల్ నకలు' అడుగు, 30 రోజుల్లో చెప్పాలి. జిల్లా స్థాయిలో అయితే సోమవారం భీమవరం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంది. ధర్నా, రాస్తారోకో మాట ఇవన్నీ అయ్యాక ఆలోచిద్దాం. ఏ పార్టీ జెండా కిందా వెళ్లకండి. రేపు ఇంకో పార్టీ వస్తే మీ ఫైలు 'ఆ పార్టీ వాళ్లది' అని మూలపడుతుంది.

దీపావళికి నీ షాపు తీరిక ఉండదని తెలుసు. మర్నాడు రా. అమావాస్య పోటు ఇంకా గట్టిగానే ఉంటుంది, ఏ వేళకి ఎక్కుతుందో రేవులో పడవవాళ్లని అడిగి ఉంచు. ఆ వేళకి ఇద్దరం తూము దగ్గర నిలబడి నీళ్లు ఎటు నడుస్తున్నాయో చూద్దాం. వచ్చేటప్పుడు యాభై అడుగుల టేపు తీసుకురా, మా ఇంట్లో ఉన్నది బట్టలు కొలిచే టేపే.

ఇట్లు,
మీ అత్త