మాత్రల్లో విషం ఉందంటున్న వ్యక్తి గురించి

రాత్రి మాత్రల్లో విషం కలిపారంటూ మీ కేర్ హోమ్‌లో ఒకాయన మూడు రోజులుగా వాటిని విసిరికొడుతున్నారనీ, భోజనంలో కలిపేయమని తోటి ఉద్యోగి సలహా ఇచ్చారనీ రాశారు కదండీ. ఆ పని మాత్రం చెయ్యకండి. ఒక్కసారి బయటపడిందా, ఆయన అనుమానం నిజమైనట్టే. ఇక తిండి కూడా ముట్టరు.

విషం లేదని వాదించొద్దు, అలాగని తలూపనూ వద్దు. "అలా అనిపిస్తే భయంగానే ఉంటుందండీ. ఈ స్ట్రిప్పు మీ ముందే చింపనా?" అని అడిగి చూడండి. చింపని స్ట్రిప్పు కళ్ళతో చూస్తే కొందరు మెత్తబడతారు. వద్దంటే వదిలేసి, కాసేపాగి మళ్ళీ అడగండి.

కానీ మూడు రోజులంటే మాత్రం ఆలోచించాల్సిందే. అది క్లోజపిన్ (స్కిజోఫ్రెనియా లాంటి తీవ్రమైన మానసిక జబ్బుకు ఇచ్చే మందు) అయితే, 48 గంటలు దాటి ఆగాక పాత మోతాదు నేరుగా ఇవ్వకూడదు, బీపీ బాగా పడిపోవచ్చు. మళ్ళీ తక్కువ మోతాదుతో మొదలుపెట్టాలి, అది డాక్టరే తేల్చాలి. అందుకే ఆయన ఇవాళ ఒప్పుకున్నా సరే, ఇచ్చేముందే ఫోన్ చేయండి. ఒప్పుకోకపోయినా చేయండి, ఇప్పటికే ఆలస్యమైంది.

రికార్డులో "సహకరించలేదు" అని తేల్చేయకండి (ఆ మాటంటే నాకు మంట). ఆయన ఏమన్నారో ఆ మాటల్లోనే, టైముతో సహా రాయండి. డాక్టరుకు పనికొచ్చేది అదే.