కార్చిచ్చు తర్వాత రైతుకు సాయం: గడ్డి లోడు ఎత్తే ముందు ఒక ఫోన్

ప్రశ్న: మెల్‌బోర్న్ వచ్చి ఏడాది కాలేదు. కార్చిచ్చులో కాలిపోయిన పొలాలు, పశువులు టీవీలో చూస్తుంటే మనసు ఊరుకోవడం లేదు. పదిమందిమి తలా కొంత వేసుకుని యూట్ (వెనక సామాను వేసుకునే చిన్న బండి) అద్దెకు తీసుకుని గడ్డి, బియ్యం, బట్టలు పట్టుకెళ్దామనుకుంటున్నాం. ఏ ఊరికి వెళ్తే మంచిది?

జవాబు: ఇప్పుడే ఏ ఊరికీ బయల్దేరకండి. మన దగ్గర తుఫానొస్తే పులిహోర పొట్లాలు, చీరలు లారీకెత్తి బయల్దేరడం అలవాటు. ఆ మనసు మంచిదే, కానీ ఇక్కడ పద్ధతి వేరు. మంటలు అదుపులోకి వచ్చినా దారులు వెంటనే తెరవరు. పోలీసులు అడ్డగట్టిన చోట మీ యూట్ నిలబడితే వెనక వచ్చే నీళ్ల ట్యాంకరు ఆగిపోతుంది. 2009 ఫిబ్రవరి 7న విక్టోరియాలో 173 మందిని బలిగొన్న మంటల తర్వాత దేశం నలుమూలల నుంచి 40 వేలకు పైగా ప్యాలెట్ల (సరుకు పేర్చే చెక్క చట్రాల) సామాను వచ్చిపడింది. వాటిని దించి, వేరుచేసి, దాచడమే ఇంకో పెద్ద పనైంది. బియ్యం, బట్టల ఆలోచన మానేయండి.

గడ్డి సంగతి లెక్కవేసి చూడండి. 500 కిలోల ఆవు రోజుకు సుమారు 10 కిలోల ఎండుగడ్డి తింటుంది. వంద ఆవుల మందకు రోజుకు టన్ను కావాలి. మీ యూట్‌లో పట్టేది మహా అయితే రెండు గుండ్రటి బేళ్లు (గడ్డి చుట్టలు), అంటే ఆరువందల కిలోలు. ఆ మందకు ఒక్క రోజు కూడా గడవదు. అదే డబ్బు గడ్డి తోలే సంస్థకిస్తే ఒక్కో ట్రక్కులో ఇరవై టన్నులకు పైగా వెళ్తుంది.

ఎవరి పని ఏదో తెలిస్తే సగం గందరగోళం పోతుంది. పల్లెల్లో మంటలార్పడం విక్టోరియాలో సీఎఫ్ఏ (కంట్రీ ఫైర్ అథారిటీ)ది, న్యూ సౌత్ వేల్స్‌లో ఆర్ఎఫ్ఎస్ (రూరల్ ఫైర్ సర్వీస్)ది. విక్టోరియాలో మనుషులకు సహాయ కేంద్రాలు నడిపేది స్థానిక కౌన్సిల్. పశువుల బాధ్యత అక్కడి ప్రభుత్వ వ్యవసాయ విభాగం అగ్రికల్చర్ విక్టోరియాది. రైతు తన నష్టం, అత్యవసరం చెప్పుకోవాల్సిన నంబరు 1800 226 226. న్యూ సౌత్ వేల్స్‌లో అయితే 1800 814 647. ఇంగ్లిష్ ఇబ్బందైతే 131 450కి చేసి తెలుగు దుబాసీని అడగవచ్చు. గడ్డి ఇస్తామనేవాళ్ల వివరాలు విక్టోరియాలో రైతుల సంఘం, విక్టోరియన్ ఫార్మర్స్ ఫెడరేషన్, తీసుకుంటుంది.

తొలి రోజుల్లో గడ్డికన్నా ముందు నీళ్లు. ట్యాంకు నిండుగానే ఉంటుంది, తొట్టిలో మాత్రం చుక్క ఉండదు. ట్యాంకు నుంచి తొట్టికి వెళ్లే నల్లటి పాలీ పైపు కరిగిపోయి ఉంటుంది, మోటారు కాలిపోయి ఉంటుంది. ఎండాకాలం పాలిచ్చే ఆవుకు రోజుకు 100 లీటర్ల దాకా కావాలి, పిల్లతల్లి గొర్రెకు 10 దాకా. అందుకే పాలీ పైపు, జాయింట్లు, పంపు, జనరేటర్ ఉన్నవాళ్ల సాయం బంగారం. వాన పడ్డాక ఇంకో చిక్కు: బూడిద కొట్టుకొచ్చి డ్యామ్ నీళ్లు చెడిపోతాయి. ఇక్కడ డ్యామ్ అంటే పొలంలోని చిన్న చెరువే.

కాలిన పశువుల్ని చూడాల్సింది పశువైద్యుడు, లేదా ఆ పని నేర్చినవాళ్లు. పైకి బాగానే నడుస్తున్న ఆవుకు వారం పది రోజుల తర్వాత గిట్ట ఊడిపోవచ్చు. అందుకే ఒకసారి చూసి వదిలేయరు, మళ్లీ మళ్లీ చూస్తారు. గిట్ట పైన చర్మం కలిసే అంచు, మూతి, పొదుగు, చన్నులు ముఖ్యం. చన్నులు కాలిన తల్లి దూడను దగ్గరకు రానివ్వదు. కోలుకోలేనివాటిని బాధ తీర్చడానికి తుపాకీతో చంపేస్తారు. ఆవును పూజించే ఇంట్లో పెరిగినవాళ్లకు అది తట్టుకోవడం కష్టమే. అయినా ఆ రైతు ముందు ‘బతికించలేరా’ అనకండి, ఫోన్ తీసి ఫొటోలు తీయకండి. ఆయన పేరుపెట్టి పెంచుకున్న పశువులవి.

మేత విషయంలో మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు మిగిలిన అన్నం, రొట్టె, గింజలు పెట్టడం. ఆకలిగొన్న పశువు గింజల మీద పడితే కడుపులో పులిసి ఆమ్లం పెరిగి, ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోవచ్చు. కుడితి అలవాటు ఇక్కడికి తేవద్దు. మాంసం తగిలిన మిగులు పందులకైనా, ఆవులకైనా పెట్టడం నేరం. బూజుపట్టిన గడ్డీ వద్దు, జబ్బులొస్తాయి. బయటి గడ్డితో కలుపు గింజలు వస్తాయి కాబట్టి రైతు ఒకే పడ్డాక్‌లో (కంచె వేసిన మేత పొలంలో) మేపుతాడు, ఎక్కడ పడితే అక్కడ వేయనివ్వడు. ఏ మందు కొట్టిన గడ్డో రాసిన డిక్లరేషన్ కాగితం కూడా అడుగుతాడు.

నెల తిరిగేసరికి టీవీ మర్చిపోతుంది. అసలు మీ చేతుల అవసరం అప్పుడు మొదలవుతుంది. కంచె. కంచె లేకపోతే పశువులు రోడ్డెక్కుతాయి, పచ్చిక మొలవకముందే తొక్కేస్తాయి. 2009లో కిల్మోర్ ఈస్ట్ దగ్గర ఒక రైతు దంపతుల పొలంలో మొదలైన బ్లేజ్‌ఎయిడ్ అనే స్వచ్ఛంద సంస్థ కంచెలు మళ్లీ కట్టే ఈ పనే చేస్తుంది. క్యాంపులో పేరు నమోదు చేసుకుంటే భోజనం పెడతారు, డేరాయో క్యారవానో మీది. తోలు చేతిగ్లవ్స్, కళ్లద్దాలు, గట్టి బూట్లు, సన్నటి దుమ్మును ఆపే పీ2 మాస్కు తప్పనిసరి. నైలాన్ బట్టలు వద్దు, నూలువే వేసుకోండి.

చాలావరకు పని పాత తీగ ఊడదీయడమే. కాలిన తీగ పైకి నిలబడే ఉంటుంది, కానీ జింకు పూత పోయి, బలం పోయి ఉంటుంది. బిగిస్తే తెగి కొరడాలా కొడుతుంది, అందుకే బిగించేచోట ఎదురుగా నిలబడకూడదు. చెక్క స్తంభం ఉన్నచోట నేలలో గుండ్రటి కన్నం మిగులుతుంది. వేర్లు లోలోపల రోజుల తరబడి కాలుతుంటాయి. పైన బూడిద చల్లగా కనిపించినా కాలు దిగబడితే బూటు కరుగుతుంది. మాడిన యూకలిప్టస్ కింద కూర్చుని అన్నం తినకండి, గాలి లేకపోయినా కొమ్మ విరిగి పడుతుంది.

ఇంకొకటి, చాలామందికి తెలియనిది. పచ్చరంగు తిరిగిన పైన్ స్తంభాలు ఆర్సెనిక్, రాగి, క్రోమియం పట్టించినవి. అవి కాలితే ఆర్సెనిక్ బూడిదలోనే మిగిలిపోతుంది. ఉప్పగా ఉంటుందని పశువులు నాకుతాయి, విషమెక్కి చచ్చిపోతాయి. ఆ బూడిద కనిపిస్తే చేత్తో తాకకుండా రైతుకు చెప్పండి, ముందు అక్కడ మంద రాకుండా అడ్డు కట్టాలి. పాత షెడ్ల శిథిలాల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, వాటి జోలికి వెళ్లకండి.

స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకు ఒక మాట. చదువు సాగే రోజుల్లో రెండు వారాలకు 48 గంటలే పని చేయాలన్న పరిమితి ఉంది. లాభాపేక్ష లేని సంస్థలో జీతం లేకుండా చేసే నిజమైన స్వచ్ఛంద సేవ ఆ లెక్కలోకి రాదు. రైతు చేతిలో నోట్లు పెడితే మాత్రం అది పనే అవుతుంది. సంస్థ ద్వారానే వెళ్లండి, దెబ్బ తగిలితే బీమా ఉంటుందో లేదో ముందే అడగండి.

పోగేసిన డబ్బు ఇచ్చే ముందు ఏసీఎన్‌సీ (సేవా సంస్థలను నమోదు చేసే ప్రభుత్వ సంస్థ) రిజిస్టర్‌లో సంస్థ పేరు వెతకండి, డీజీఆర్ హోదా (విరాళానికి పన్ను మినహాయింపు వచ్చే గుర్తింపు) ఉందో చూడండి. ఉంటే 2 డాలర్లు, ఆపైన ఇచ్చిన ప్రతివాళ్లూ పన్నులో చూపించుకోవచ్చు. రసీదు ఒక్కరి పేరు మీద కాకుండా ఎవరి పేరు మీద వాళ్లు తీసుకోండి.

వంట చేసిపెట్టాలనుంటే సిక్కు సోదరులు చేసింది చూడండి. 2019-20 మంటల్లో సిక్ వాలంటీర్స్ ఆస్ట్రేలియా వాళ్లు విక్టోరియాలోని బెయిర్న్స్‌డేల్ ఊళ్లోనే మకాం వేసి వండి పెట్టారు. దూరం నుంచి పొట్లాలు మోసుకురాలేదు. వాళ్లకు కూరగాయలు తరిగే చేతులు కావాలంటే వెళ్లండి.

రైతుతో మాట్లాడేటప్పుడు ‘ఏమైనా కావాలా’ అంటే ‘అంతా బాగానే ఉంది’ అంటాడు, ఇక్కడివాళ్ల తీరే అంత. ‘ఆ తూర్పు కంచె తీగ ఈ శనివారం ఊడదీయమంటారా, ఆరుగురం వస్తాం’ అని అడగండి. వస్తామన్న శనివారం వెళ్లండి.