మెడికెయిడ్ మనవాళ్లలో ఎవరికి వస్తుంది?

నేను బతుకమ్మకు హనుమకొండ వచ్చినప్పటి నుంచి, పిల్లలు అమెరికాలో ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇదే అడుగుతున్నారు: "అక్కా, ఆదాయం తక్కువుంటే అక్కడ గవర్నమెంటే ఇన్సూరెన్స్ ఇస్తదట కదా, మనోళ్లకు వస్తదా?"

ఆ పథకం పేరు మెడికెయిడ్. ఆరోగ్యశ్రీ లాంటిదే అనుకుంటే లెక్క తప్పుతుంది. మన దగ్గర రేషన్ కార్డులో పేర్లుంటే ఇంటిల్లిపాదికీ వర్తిస్తుంది. అక్కడ ఒకే ఇంట్లో బిడ్డకు రావచ్చు, తల్లిదండ్రులకు రాకపోవచ్చు. అందుకే ఇంట్లో ఎవరి సంగతి వాళ్లకు విడిగా చూసుకోవాలి.

ఎఫ్-1 (చదువు), హెచ్-1బి (ఉద్యోగం), హెచ్-4 (హెచ్-1బి వాళ్ల భార్య లేదా భర్త, పిల్లలు) వీసాల మీద ఉన్న పెద్దలకు ఆదాయం సున్నా అయినా మామూలుగా రాదు. ఉద్యోగం పోయిన తమ్ముళ్లు దీని మీద ఆశ పెట్టుకుని కూర్చోవద్దు. కంపెనీ ఇన్సూరెన్స్ ఆగిన రోజు నుంచి మార్కెట్‌ప్లేస్‌లో (సొంతంగా ఇన్సూరెన్స్ కొనుక్కోవడానికి గవర్నమెంట్ పెట్టిన అంగడి) ప్లాన్ తీసుకోవడానికి 60 రోజులే గడువు, ఆ పని ముందు చూసుకోండి. గర్భిణులకు, పిల్లలకు మాత్రం 2009 నాటి చట్టం ఒక దారి ఇచ్చింది. వీసా మీద ఉన్నా, ఆదాయం సరిపోతే చాలా రాష్ట్రాలు వాళ్లను చేర్చుకుంటాయి. అక్కడే పుట్టిన బిడ్డ అమెరికా పౌరుడే కాబట్టి తల్లిదండ్రుల వీసా ఏదైనా అడ్డు కాదు. బిడ్డ ఒక్కరికే దరఖాస్తు పెడితే మీ వీసా వివరాలు ఇవ్వాల్సిన పని కూడా లేదు. పిల్లల విషయంలో ఇంటి ఆదాయ పరిమితి పెద్దలకంటే ఎక్కువ. "మనకు రాదులే" అని బిడ్డ టీకాలు, డాక్టర్ చూపు వాయిదా వేస్తున్న ఇళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. దయచేసి అడగండి.

ఆదాయం లెక్క రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. పథకాన్ని మరింతమంది పెద్దలకు విస్తరించిన రాష్ట్రాల్లో, ఇంటి ఆదాయం ఫెడరల్ (అక్కడి కేంద్ర ప్రభుత్వ) పేదరిక రేఖలో 138 శాతం వరకు ఉంటే పెద్దలకు వస్తుంది. 2025 లెక్కన నలుగురున్న ఇంటికి ఏడాదికి సుమారు 44,367 డాలర్లు. టెక్సాస్, ఫ్లోరిడా విస్తరించలేదు. టెక్సాస్‌లోని డాలస్‌లో ఉండే, పిల్లలు లేని ఆరోగ్యవంతుడికి ఎంత తక్కువ సంపాదన ఉన్నా రాదు. న్యూజెర్సీలో ఉన్న బావమరిదికి వచ్చిందని డాలస్‌లో మీకు వస్తుందనుకోకండి.

ఎక్కువ టెన్షన్ అమ్మానాన్నల గురించే. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకు రాదు, ఇక్కడ బయల్దేరేముందే ప్రయాణ ఇన్సూరెన్స్ కొనండి. షుగర్, బీపీ లాంటి పాత జబ్బులకు అది ఎంతవరకు ఇస్తుందో చదివి మరీ కొనండి. గ్రీన్ కార్డు వచ్చినవాళ్లు చాలావరకు ఐదేళ్లు ఆగాలి, 1996లో వచ్చిన నిబంధన అది. ఆ ఐదేళ్లు మార్కెట్‌ప్లేస్ ప్లాన్‌తో గడుపుతుంటారు. కానీ 2025 జూలైలో వచ్చిన చట్టం వల్ల, పేదరిక రేఖకు దిగువన ఉండి ఐదేళ్లు నిండని గ్రీన్ కార్డుదారులకు 2026 జనవరి నుంచి అక్కడి సబ్సిడీ కూడా పోయింది. నాన్నకు గ్రీన్ కార్డు పెట్టే ముందే ఈ ఖర్చు గురించి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కూర్చుని మాట్లాడుకోవాలి.

ఐదేళ్లు నిండాక కూడా స్పాన్సర్ చేసిన కొడుకు ఆదాయాన్ని కలిపి చూడవచ్చు. 65 దాటినవాళ్లకు చాలా రాష్ట్రాల్లో ఆస్తులూ లెక్కే. నయీంనగర్ ఇంటి కిరాయి, హసన్‌పర్తి ప్లాటు, బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంటే ఉన్నట్టే రాయండి. దాచిపెట్టి తీసుకుంటే తర్వాత డబ్బు వెనక్కి కట్టాల్సి రావచ్చు, పౌరసత్వం దగ్గరా చిక్కొస్తుంది. మెడికెయిడ్ తీసుకుంటే గ్రీన్ కార్డుకు దెబ్బా అన్న భయం గురించి నా మాట మీదో, వాట్సాప్ మాట మీదో ఆధారపడకండి. ప్రభుత్వాలు మారినప్పుడల్లా ఆ రూల్ మారుతోంది, ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను అడగండి.

గుండెనొప్పి వచ్చినప్పుడు మాత్రం ఇవేవీ ఆలోచించవద్దు, అక్కడి ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ చేయండి. ఇన్సూరెన్స్ లేదని ఎమర్జెన్సీ నుంచి తిప్పి పంపడానికి 1986 నాటి చట్టం ఒప్పుకోదు. బిల్లు వచ్చాక ఆసుపత్రిలో ఆర్థిక సహాయం ఫారం అడిగి తీసుకుని నింపండి.

దరఖాస్తుకు ఏడాదంతా అవకాశం ఉంటుంది. అమ్మకు ఇంగ్లీషు రాకపోతే తెలుగు దుబాసీని అడగండి, ఫోన్‌లోనైనా ఉచితంగానే ఏర్పాటు చేయాలి.