చింతపల్లి చలిలో కూర మొక్కలు, కోడిపిల్లలు

ప్రశ్న: మాది చింతపల్లి మండలం. విశాఖలో కూలి పనులు మానుకుని నిరుడు పిల్లలతో మా నాన్న భూమికి తిరిగొచ్చాం. ఇంటికి కావలసినవి పండించుకుందామని వాగు పక్క పల్లంలో టమాటా, చిక్కుడు వేస్తే డిసెంబరులో రెండు రాత్రుల్లో నల్లగా మాడిపోయాయి. తెగులు మందు కొట్టినా లాభం లేదు. నలభై కోడిపిల్లల్లో పదే మిగిలాయి. రోజూ తెల్లారేసరికి మూలన కుప్పగా పడి చచ్చిపోయి కనిపించేవి. ఈ ఏడు ఏం చేయమంటారు?

జవాబు: మీ మొక్కలకు వచ్చింది తెగులు కాదు, చలిదెబ్బ. గాలి ఆగిన, మబ్బులేని రాత్రి చల్లగాలి నీళ్లలాగే కొండవాలు వెంట జారి పల్లంలో నిలుస్తుంది. పల్లంలో గడ్డి మీద మంచు పేరుకున్న రోజున కూడా వాలు మీది గడ్డి ఉత్త తడిగానే ఉండడం మీరు చూసే ఉంటారు. కాబట్టి టమాటా, చిక్కుడు వాలు మీదికి మార్చండి. పల్లంలో క్యాబేజీ, ముల్లంగి, క్యారెట్, వెల్లుల్లి వేసుకోండి, ఇవి చలికి తట్టుకుంటాయి. రాజ్‌మా వేస్తే ఆగస్టు చివర్లో విత్తండి, గట్టి చలికి ముందే చేతికొస్తుంది. గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందించే బుడిపెలు దాని వేళ్లకు సరిగా కట్టవు, అందుకే పశువుల ఎరువు బాగా పడాలి.

చలి ముదిరేలా ఉన్న సాయంత్రం మొక్కలకు పలచగా తడి ఇచ్చి, కర్రలు పాతి పాత చీరలు కప్పండి. ఎండ రాగానే తీసేయండి. మాడిన కొమ్మల్ని తొందరపడి కోయకండి, చిగురు ఎక్కడ వస్తుందో చూశాక కోయవచ్చు.

కోడిపిల్లల సంగతి చదివి బాధేసింది. చలికి ఒకదాని మీద ఒకటి ఎక్కి, కిందివి ఊపిరాడక పోయాయి. మూలలు లేకుండా రేకుతో గుండ్రంగా కట్టి, కింద రెండు అంగుళాల ఊక పరవండి. పైన బల్బు వేలాడదీయండి. మొదటి వారం పిల్లల ఎత్తులో 95 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి ఉండాలి, తర్వాత వారానికి ఐదు డిగ్రీలు తగ్గించాలి. థర్మామీటర్ లేకపోయినా పిల్లల్ని చూస్తే తెలుస్తుంది. బల్బు కింద గుమిగూడితే చలి, దూరంగా పోయి నోళ్లు తెరిస్తే వేడి. కరెంటు పోయిందని తలుపులు మూసి బొగ్గుల కుంపటి మాత్రం పెట్టకండి, ఆ గాలి మనుషుల ప్రాణమే తీస్తుంది. ఏడో రోజున కొక్కెర తెగులుకు లసోటా అనే టీకా చుక్క కంట్లో వేయించండి.

అసలు డిసెంబరు, జనవరిల్లో కోడిపిల్లల్ని తెచ్చుకోకపోతే మీకు సగం టెన్షన్ ఉండదు. ఫిబ్రవరి మధ్యలో పొదుగు కోడి కింద గుడ్లు పెడితే 21 రోజులకు, అంటే మార్చిలో, పిల్లలవుతాయి. అప్పుడు వెచ్చదనం తల్లే చూసుకుంటుంది.