గైడింగ్ కుదరలేదని రెండున్నర లక్షల లోనా?

ప్రశ్న: నా వయసు 29. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. చేతికొచ్చే జీతం 78,000. అద్దె 18,000, ఇంటికి పంపేది 12,000, నా ఖర్చులు 18,000, సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలవారీ పెట్టుబడి) 5,000. నెబ్యులాల (అంతరిక్షంలోని వాయు, ధూళి మేఘాల) ఫొటోలు తీయాలన్న ఇష్టంతో ఈక్వటోరియల్ మౌంట్ (నక్షత్రాల కదలికకు తగ్గట్టు టెలిస్కోప్‌ను తిప్పే స్టాండ్), 80 ఎంఎం టెలిస్కోప్, గైడ్ కెమెరా (ఒక నక్షత్రాన్ని గమనిస్తూ మౌంట్ దారి తప్పకుండా సరిచేయించే చిన్న కెమెరా) క్రెడిట్ కార్డు ఈఎంఐ మీద కొన్నాను. నెలకు 14,600 చొప్పున ఇంకా 11 వాయిదాలున్నాయి. మా బాల్కనీ దక్షిణం వైపు. అక్కడి నుంచి ఆ గైడ్ కెమెరాతో ఆటోగైడింగ్ చేస్తూ ఒరాయన్ నెబ్యులాను మూడు నిమిషాల ఎక్స్‌పోజర్‌లో తీస్తే నక్షత్రాలు గుడ్డులా సాగిపోతున్నాయి. గైడింగ్ ఎర్రర్ (మౌంట్ గురి తప్పే మేర) 2.4 ఆర్క్‌సెకన్ల కిందికి దిగడం లేదు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు). పెద్ద మౌంట్, కూల్డ్ కెమెరా (సెన్సర్‌ను చల్లబరిచే కెమెరా) కొందామనుకుంటున్నాను. బ్యాంకు యాప్‌లో 16 శాతం వడ్డీకి మూడేళ్ల గడువుతో రెండున్నర లక్షల ప్రీ-అప్రూవ్డ్ లోన్ చూపిస్తోంది. సేవింగ్స్‌లో 40,000 ఉన్నాయి, అత్యవసరమైతే కార్డు లిమిట్ ఉంది. నాన్నగారికి 61 ఏళ్లు, షుగర్, బీపీ ఉన్నాయి. అమ్మానాన్నలకు హెల్త్ పాలసీ లేదు. లోన్ తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోవద్దు. మీ ఉత్తరాన్ని ఎంచుకున్నది కూడా అందుకే. చేతిలో ఉన్న పరికరం ఇంకా లొంగకముందే, అప్పు చేసి అంతకంటే పెద్దది కొనేవాళ్లు నాకు తరచూ కనిపిస్తున్నారు. కెమెరాలు, కీబోర్డులు, ఖరీదైన సైకిళ్లు... వస్తువు మారుతుంది, తప్పు మాత్రం ఒకటే.

ముందు మీ లెక్క చూద్దాం. అన్నీ పోగా నెలాఖరుకు మీ దగ్గర మిగిలేది 10,400. కొత్త లోన్ ఈఎంఐ దాదాపు 8,790 అవుతుంది. అంటే మిగిలేది 1,600. ఫోన్ పగిలినా, బండి టైరు మార్చాల్సి వచ్చినా మళ్లీ కార్డే గీకాలి. మూడేళ్లలో వడ్డీ కిందే 66,000 పైన కడతారు. ఇంకో సంగతి మీరు లెక్కలోకి తీసుకోలేదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన దగ్గర ఆకాశం చాలా రాత్రులు మబ్బుపట్టే ఉంటుంది. 36 వాయిదాల్లో 12 వానాకాలంలోనే పడతాయి. టెలిస్కోప్ మూట విప్పకుండానే లక్ష రూపాయలకు పైగా కట్టేస్తారు.

ఇంతకీ ఆ డబ్బు పెడితే మీ సమస్య తీరుతుందా? ఈ హాబీలో ఏళ్లుగా ఉన్న నా క్లయింట్ ఒకాయనకు మీ పేరు చెప్పకుండా వివరాలు వినిపించాను. ఆయన మొదట అడిగింది బాల్కనీ గురించే. దక్షిణం వైపు బాల్కనీ అంటే ధ్రువ నక్షత్రం భవనం వెనక్కి పోతుంది. హైదరాబాద్‌లో అది ఆకాశంలో 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది కాబట్టి, ఉత్తరం వైపు తెరిపి ఉన్నా ఎదురింటి వాటర్ ట్యాంకు చాలు అడ్డురావడానికి. ధ్రువ నక్షత్రం కనిపించకుండా దిక్సూచి చూసి సుమారుగా పోలార్ అలైన్‌మెంట్ (మౌంట్ ఇరుసును ఖగోళ ధ్రువం వైపు గురిపెట్టడం) చేస్తే, ఎంత పెద్ద మౌంట్ కొన్నా ఫొటోలోని దృశ్యం మెల్లగా తిరుగుతూనే ఉంటుందట. ధ్రువ నక్షత్రం అక్కర్లేకుండా, వేరే నక్షత్రాలు ఎటు జరుగుతున్నాయో చూసి చేసే డ్రిఫ్ట్ అలైన్‌మెంట్ ఉంది. ఉచితంగా దొరికే పీహెచ్‌డీ2 అనే గైడింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే ఆ టూల్ ఉంది.

ఆయన చెప్పిన మిగతావి కూడా రాస్తున్నాను, ఎందుకంటే వీటిలో ఒక్కదానికీ ఈఎంఐ అక్కర్లేదు. బాల్కనీ శ్లాబు మీద ఎవరైనా నడిస్తే ట్రైపాడ్ కదులుతుంది. ఎక్స్‌పోజర్ మొదలుపెట్టాక మీరు లోపలికి వెళ్లి కూర్చోండి. కెమెరా కేబుల్ కిందికి వేలాడుతూ లాగకుండా మౌంట్‌కు జిప్ టైతో కట్టండి. గైడింగ్ కాలిబ్రేషన్ (మౌంట్ ఎంత కదులుతోందో సాఫ్ట్‌వేర్ కొలుచుకోవడం) ఎక్కడపడితే అక్కడ చేయకుండా ఖగోళ మధ్యరేఖకు దగ్గరగా, మెరిడియన్ (నడినెత్తి మీదుగా ఉత్తర దక్షిణాలను కలిపే గీత) పక్కన ఉన్న నక్షత్రం మీద చేయండి. గైడ్ కెమెరా ఎక్స్‌పోజర్ ఒక సెకను పెడితే, వాతావరణంలోని గాలి కదలికలకు నక్షత్రం వణికినప్పుడల్లా మౌంట్ పరిగెడుతుంది. రెండు మూడు సెకన్లు పెట్టి చూడండి. గైడింగ్ గ్రాఫ్‌లో రైట్ ఎసెన్షన్ (తూర్పు-పడమర కదలిక), డెక్లినేషన్ (ఉత్తర-దక్షిణ కదలిక) గీతలు రెండింటినీ విడివిడిగా గమనించండి. నక్షత్రం ఒకవైపే సాగుతోందంటే రెంటిలో ఒకటి ఎక్కువగా ఊగుతోందని అర్థం, ఏది ఊగుతోందో తెలిస్తే సగం పని అయినట్టే. మీ టెలిస్కోప్ ఫోకల్ లెంగ్త్ 480 ఎంఎం అనుకుంటే, దాని మీద మామూలు డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాకు ఒక్కో పిక్సెల్ సుమారు 1.6 ఆర్క్‌సెకన్లు. ఎర్రర్ ఒక ఆర్క్‌సెకనుకు అటూ ఇటూగా వస్తే మీ ఫొటోలు నిలబడతాయి. కూల్డ్ కెమెరా నాయిస్ (ఫొటోలో కనిపించే చుక్కలు, గరుకు) తగ్గిస్తుంది కానీ సాగిన నక్షత్రాన్ని గుండ్రంగా చేయదని ఆయన గట్టిగా చెప్పారు. వీలైతే ఒక శనివారం రాత్రి వికారాబాద్ వైపు వెళ్లి, నేల మీద ట్రైపాడ్ పెట్టి ఇదే సెటప్‌ను పరీక్షించండి. అయ్యే ఖర్చు పెట్రోలు, టీ.

ఇక అసలు విషయం. మీ ఉత్తరంలో నాకు భయం వేసిన వాక్యం గైడింగ్ గురించి కాదు, 'అత్యవసరమైతే కార్డు లిమిట్ ఉంది' అన్నది. కార్డు లిమిట్ మీ డబ్బు కాదు. ఉద్యోగం పోయిన నెలలోనే దాన్ని తగ్గించే అధికారం బ్యాంకుకు ఉంది. బిల్లులో మినిమమ్ డ్యూ (కనీస మొత్తం) మాత్రమే కట్టి నెట్టుకొస్తే ఏడాదికి 40 శాతం దరిదాపుల్లో వడ్డీ పడుతుంది. ఇప్పుడు జీతం ఆగితే కార్డు వాయిదాతో కలిపి మీకు నెలకు 62,600 కావాలి. మీ దగ్గరున్న 40,000 మూడు వారాలు కూడా రావు. అరవై దాటి, షుగర్ ఉన్న తండ్రికి పాలసీ లేకుండా, మూడు వారాల నిల్వతో ఉన్న మీరు మరో అప్పు వైపు చూడటమే తప్పు.

ఈ నెలలోనే అమ్మానాన్నల పేరిట పది లక్షల హెల్త్ పాలసీ తీసుకోండి. ప్రీమియం ఏడాదికి యాభై వేలకు అటూ ఇటూగా ఉండొచ్చు, నాన్నగారి రిపోర్టులను బట్టి మారుతుంది. వ్యక్తిగత పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు. ముందే ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ మూడేళ్ల వరకు ఉంటుంది. మీరు ఆలస్యం చేసే ప్రతి నెలా ఆ గడువు ముగిసే రోజు కూడా ఒక నెల వెనక్కి పోతుంది. పూర్తి ప్రీమియానికి ఇప్పుడు చేతిలో డబ్బు చాలకపోతే నెలవారీ చెల్లింపు ఉన్న పాలసీ చూడండి.

సిప్‌ను కొంతకాలం ఆపి, నెలకు మిగిలే 10,400తో పాటు ఆ 5,000 కూడా ఎమర్జెన్సీ ఫండ్ (అత్యవసర నిధి)లోకి మళ్లించండి. ఈ మాట కొందరికి నచ్చదు, అయినా నా సలహా ఇదే. నెలకు 1,500 హాబీకి ఉంచుకున్నా 13,900 పక్కన పడుతుంది. 11 నెలల తర్వాత కార్డు వాయిదా తీరితే అది 28,500 అవుతుంది. కార్డు పోయాక మీ అవసరం నెలకు 48,000. దానికి ఆరు రెట్లు, అంటే 2,88,000 మీ లక్ష్యం. రెండో ఏడాది ప్రీమియం కట్టినా ఏడాదిన్నర నాటికి అక్కడికి చేరతారు. ఈ డబ్బు స్వీప్-ఇన్ ఎఫ్‌డీలో (సేవింగ్స్ ఖాతాకు కలిసి ఉండే డిపాజిట్), లిక్విడ్ ఫండ్‌లో (త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్) పెట్టండి. వేరే బ్యాంకు ఖాతాలో ఉంటే మరీ మంచిది, కెమెరా ఆఫర్ కనిపించినప్పుడు వేలు అటు పోదు.

అమ్మానాన్నలు మీ సంపాదన మీద ఆధారపడి ఉంటే మీ పేరిట కోటి రూపాయల టర్మ్ పాలసీ (జీవిత బీమా) కూడా చూడండి. గోల్డ్ లోన్, మ్యూచువల్ ఫండ్ల మీద లోన్ వడ్డీ తక్కువే అయినా ఈ కొనుగోలుకు అవీ వద్దు. గైడ్ కెమెరా, మౌంట్ అమ్మేయమని మాత్రం నేను చెప్పను. సెకండ్ హ్యాండ్‌లో నష్టపోతారు, పైగా మీకు ఇష్టమైన పని అది.

ఆరు నెలల నిల్వ పూర్తయ్యాక కూడా కూల్డ్ కెమెరా కావాలనిపిస్తే దానికి ఒక రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టి, నగదుతో కొనుక్కోండి. ఈలోగా పాలసీ ప్రపోజల్ ఫారంలో నాన్నగారి షుగర్ ఎన్నేళ్ల నుంచి ఉందో, ఏ మందులు వాడుతున్నారో అన్నీ రాయండి. ఏజెంట్ వద్దన్నా సరే రాయండి. దాచిన జబ్బు క్లెయిమ్ రోజున బయటపడితే కట్టిన ప్రీమియం అంతా వృథా అవుతుంది.