టెక్ సందేహాలు: పాత పాటలకు ఏ ఇయర్‌ఫోన్లు మేలు?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. ఉద్యోగ విరమణ చేశాను. ఘంటసాల, సుశీల పాటలు, కర్ణాటక కచేరీలు వింటాను. బేస్ బాగుందని మా అబ్బాయి ఇయర్‌ఫోన్లు తెచ్చిచ్చాడు. వాటిలో గొంతు గుడ్డ కప్పినట్టు వినిపిస్తోంది. లోపం ఫోన్‌లో ఉందా, ఇయర్‌ఫోన్లలో ఉందా, నా చెవిలో ఉందా? రెండు వేల లోపు తీగ ఉన్నవి ఏవైనా సూచించండి.

జవాబు: మీరు చెప్పినదాన్ని బట్టి ఫోన్‌నో చెవినో అనుమానించాల్సిన పని లేదండీ. మీ అబ్బాయి తన పాటలకు నప్పేవి కొన్నాడు. వాటిలో మీరు మీ పాటలు విన్నారు. చిక్కంతా అక్కడే ఉంది.

మాట్లాడేటప్పుడు మగ గొంతులోని మూలధ్వని సుమారు 100 నుంచి 200 హెర్ట్జ్ (సెకనుకు ఇన్ని కంపనాలు అనే లెక్క) మధ్య ఉంటుంది. కానీ సాహిత్యం స్పష్టంగా తెలియాలంటే, హల్లులు విడివిడిగా వినపడాలంటే 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ దాకా ఉన్న భాగం బాగుండాలి. బేస్ కోసం చేసిన ఇయర్‌ఫోన్లు 300 హెర్ట్జ్ లోపలి ధ్వనిని బాగా పెంచుతాయి. ఆ హోరు పైభాగాన్ని మింగేస్తుంది. డ్రమ్ములూ సింథసైజర్లూ ఉండే నేటి పాటలకు అది హుషారునిస్తుంది. ఘంటసాల పద్యానికి మాత్రం ద్రోహం చేస్తుంది. ఆ పద్యంలో మనం వినేది ఆయన ఒక్కో అక్షరాన్ని పలికే తీరును కదా!

అలాగని ట్రెబుల్, అంటే పై స్థాయి సన్నని ధ్వని, బాగా ఎక్కువ ఉన్నవీ మీకు వద్దు. 1950లు, 60ల నాటి రికార్డింగుల్లో టేపు హిస్సు, రికార్డు గీతల చిటపటలు ఉంటాయి. ట్రెబుల్ పెరిగితే ముందుగా వినపడేవి అవే. సుశీల గారు తారస్థాయికి వెళ్లినప్పుడు చెవి చివుక్కుమంటుంది. మీకు కావలసింది గొంతు ముందుకు వచ్చి, బేస్ మితంగా ఉండి, పైభాగం మెత్తగా ఉండే రకం.

మీ ధరలో నేను మొదట చెప్పేది టాంగ్‌జు వానర్. గొంతులకు అది చక్కగా ఒదుగుతుంది, పదును తక్కువ. రెండోది సెవెన్‌హెర్ట్జ్ జీరో 2. దీనిలో అడుగు బేస్ కాస్త ఎక్కువ, అయినా గొంతు మీదికి రాదు. మృదంగం, ఘటం బాగా వినాలనుకుంటే ఇదే తీసుకోండి. మూన్‌డ్రాప్ చూ 2 కూడా మంచిదే. వీణ తీగల మెరుపు అందులో బాగా తెలుస్తుంది. కాకపోతే కొంచెం పదును, అందుకే పాత రికార్డులు వినే మీకు దాన్ని మూడో స్థానంలో పెడుతున్నాను. ధరలు మారుతుంటాయి కాబట్టి కొనే రోజున చూసుకోండి. ఫోన్‌లో మాట్లాడటానికీ కావాలంటే మైకు ఉన్న రకమేనా అన్నది చూడండి. ఒకే మోడల్ మైకుతోనూ, మైకు లేకుండానూ వస్తుంటుంది.

పెట్టె మీది అంకెలను నమ్మి కొనవద్దు. 40,000 హెర్ట్జ్ దాకా పలుకుతుందని ‘హై-రెస్’ ముద్ర వేస్తారు. మనిషి చెవి వినేది మహా అయితే 20,000 వరకే. వయసుతో అదీ తగ్గుతుంది. డ్రైవర్ (లోపలి చిన్న స్పీకర్) 10 మిల్లీమీటర్లా, 12 మిల్లీమీటర్లా అన్నది కూడా ధ్వని ఎలా ఉంటుందో చెప్పదు. ‘విశాలమైన స్టేజ్’, అంటే వాద్యాలు అటూ ఇటూ విడివిడిగా ఉన్నట్టు వినిపిస్తాయనే ప్రచారం మీకు అసలే అక్కరలేదు. మీ పాటల్లో చాలావరకు మోనో, అంటే రెండు చెవుల్లోనూ ఒకటే ధ్వని. ఆ మోనో పాటే మీకు మంచి పరీక్ష కూడా. గొంతు సరిగ్గా నడినెత్తిన వినపడాలి. ఒక పక్కకు ఒరిగితే ఆ జత తిప్పి పంపేయండి. తరువాత ఒక కచేరీ పెట్టి గాయకుడి వెనుక తంబురా శ్రుతి ఆగకుండా వినపడుతోందా, మృదంగంలో ఎడమ వైపు గుంకీ, కుడి వైపు చాపు వేరువేరుగా తెలుస్తున్నాయా చూడండి. రెండు జతలను పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానంగా పెట్టుకోండి. కొంచెం ఎక్కువ మోగేదే బాగున్నట్టు ఎవరి చెవికైనా అనిపిస్తుంది.

కొన్నాక మొదటి పని రబ్బరు టిప్పులు మార్చి చూడటం. చాలామంది ఫ్యాక్టరీలో తొడిగిన మధ్య సైజుతోనే వింటూ ‘బేస్ లేదు, పలుచగా ఉంది’ అని రాస్తుంటారు. ఒక చేత్తో చెవి పైభాగాన్ని వెనక్కీ పైకీ లాగి, రెండో చేత్తో ఇయర్‌ఫోన్ లోపలికి పెట్టండి. పాట మోగుతుండగా వేలితో నెమ్మదిగా నొక్కండి. బేస్ ఒక్కసారిగా పెరిగిందంటే అంతకుముందు సందు ఉందన్నమాట, పెద్ద టిప్పు వేయండి. రెండు చెవులకూ ఒకే సైజు పట్టాలని లేదు, కుడికి మధ్యది, ఎడమకు పెద్దది కావలసి రావచ్చు. నేను చెప్పిన మూడింటికీ తీగను చెవి పైనుంచి వెనక్కి తిప్పి వేసుకోవాలి. అలా వేసుకుంటే తీగ చొక్కాకు రాసుకునే చప్పుడు చెవిలోకి రాదు.

అబ్బాయి ఇచ్చినవి పారేయకండి. ఆండ్రాయిడ్ ఫోనైతే వేవ్‌లెట్ లాంటి ఈక్వలైజర్ యాప్‌లో 250 హెర్ట్జ్ దగ్గర మూడు నాలుగు డెసిబెళ్లు తగ్గించి చూడండి. గొంతు చాలావరకు బయటికి వస్తుంది. అది సరిపోతే కొత్తవి కొనే ఖర్చే ఉండదు.

ప్రశ్న: విజయవాడ నుంచి గుంటూరుకు రోజూ బస్సులో కాలేజీకి వెళ్తాను. నా ఫోన్‌కు ఇయర్‌ఫోన్ జాక్ లేదు. గవర్నర్‌పేటలో వంద రూపాయలకు టైప్-సి కన్వర్టర్ కొన్నాను. స్నేహితుడి ఫోన్‌లో పనిచేస్తోంది, నా ఫోన్‌లో చేయడం లేదు. నాకు బేస్ ఇష్టం, ఏవి కొనాలి?

జవాబు: కన్వర్టర్ పాడైనది కాదు. కొన్ని ఫోన్లు టైప్-సి రంధ్రం నుంచి నేరుగా అనలాగ్ ధ్వనిని, అంటే పాత జాక్‌లో వచ్చే రకాన్ని కూడా పంపుతాయి. మిగతావి డిజిటల్‌గా మాత్రమే పంపుతాయి. ఆ డిజిటల్‌ను ధ్వనిగా మార్చే డాక్ (DAC) చిప్ కన్వర్టర్‌లోనే ఉండాలి. వంద రూపాయల రకాల్లో చాలావాటికి ఆ చిప్ ఉండదు. లోపల ఉట్టి తీగలే. డాక్ ఉందని స్పష్టంగా రాసినదే కొనండి, ఇక ఏ ఫోన్‌తోనూ దాదాపుగా ఇబ్బంది రాదు. ఒప్పో, రియల్‌మీ, వన్‌ప్లస్ ఫోన్లలో కొన్నింటికి సెట్టింగుల్లో ఓటీజీ (టైప్-సికి తగిలించిన పరికరాన్ని ఫోన్ గుర్తించే ఏర్పాటు) ఆన్ చేయాలి, వాడకపోతే పది నిమిషాలకు అదే ఆగిపోతుంది. ఆపిల్ వారి చిన్న కన్వర్టర్ నాణ్యత చాలా బాగుంటుంది కానీ కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో వాల్యూమ్ తక్కువగా వస్తుంది.

బేస్ కోసం కేజెడ్ ఈడీఎక్స్ ప్రో చూడండి. బేసూ ట్రెబులూ రెండూ పెంచిన రకం, హుషారుగా ఉంటుంది. అయితే బస్సులో బేస్ వినపడకపోవడానికి అసలు కారణం ఇంజిన్ హోరు. రెండూ కింది స్థాయి ధ్వనులే కాబట్టి హోరు బేస్‌ను కప్పేస్తుంది, మీరు వాల్యూమ్ పెంచుతూ పోతారు. ఇది నిజంగా ప్రమాదం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెళ్ల దగ్గర వారానికి 40 గంటలు వినవచ్చు. అదే 90 డెసిబెళ్లయితే 4 గంటలే. రోజూ రానూపోనూ ప్రయాణంతో ఆ 4 గంటలు వారం తిరగకముందే అయిపోతాయి. ఫోమ్ టిప్పులు వేసుకోండి, అవి చెవిలో ఉబ్బి సందు మూసేస్తాయి. హోరు తగ్గాక వాల్యూమ్ ఎంత దించవచ్చో మీకే తెలుస్తుంది.

ప్రశ్న: ఆరు నెలలు వాడిన ఇయర్‌ఫోన్లలో ఎడమ వైపు ధ్వని తగ్గిపోయింది. బాగుచేయవచ్చా? (పటమట, విజయవాడ)

జవాబు: ముందు టిప్పు తీసి జాలీ చూడండి. చాలాసార్లు గులిమి అడ్డుపడటమే కారణం. జాలీని కిందికి వంచి పట్టుకుని, పొడి మెత్తని బ్రష్‌తో దులపండి. పిన్నీసుతో పొడవవద్దు, నీళ్లు తగలనీయవద్దు. అప్పటికీ తగ్గే ఉంటే, తీగ ఊడదీసే రకమైతే కుడి ఎడమలు మార్చి తగిలించండి. లోపం రెండో వైపుకు మారితే పోయింది తీగే, కొత్త తీగ కొంటే సరిపోతుంది. మారకుండా అదే ముక్కలో ఉంటే మాత్రం ఆ ముక్క పాడైనట్టే. తీగ కొనేటప్పుడు పిన్ను కొలత చూడండి. చాలా కంపెనీలవి 0.78 మిల్లీమీటర్లు, కేజెడ్, సీసీఏలవి 0.75. సన్న రంధ్రంలో లావు పిన్నును బలవంతంగా దూరిస్తే సాకెట్ పగులుతుంది.