మెక్సికో మార్కెట్‌లో పని చేయాలంటే స్పానిష్ సర్టిఫికెట్ ఒక్కటే చాలదు

ప్రశ్న: బీఫార్మసీ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఆన్‌లైన్‌లో స్పానిష్ ఏ2 (ప్రాథమిక) స్థాయి పూర్తిచేశాను. ఫార్మా కంపెనీల్లో మందుల అనుమతుల పని చూసే రెగ్యులేటరీ విభాగంలో లాటిన్ అమెరికా మార్కెట్లు చూసే ఉద్యోగం చేయాలని ఉంది. ఈమధ్య ఓ ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో ‘మెక్సికో గురించి మీకేం తెలుసు?’ అని అడిగితే టాకోలు, డ్రగ్ మాఫియా తప్ప ఇంకేమీ గుర్తురాలేదు. ఇక్కడే ఉండి ఒక దేశాన్నీ, అక్కడి మనుషుల్నీ తెలుసుకోవడం ఎలా? డిగ్రీ అయ్యాక స్పెయిన్ వెళ్లి కోర్సు చేస్తే మేలా? మెక్సికో అంటేనే నాన్న భయపడుతున్నారు.
- ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: ఇంటర్వ్యూ చేసినవారు జనరల్ నాలెడ్జ్ అడగలేదు. అక్కడి సహోద్యోగికి మీరు మెయిల్ రాయగలరా, డోసియర్ (మందు అనుమతి కోసం పెట్టే పత్రాల ఫైలు) ఎక్కడ ఆగిపోతుందో ఊహించగలరా అన్నది చూశారు. కాబట్టి సన్నద్ధత కూడా ఆ దారిలోనే ఉండాలి.

ముందుగా ‘లాటిన్ అమెరికా’ అన్న మాటను కాస్త పక్కన పెట్టండి. ఔషధ నియంత్రణ సంస్థ మెక్సికోలో కోఫెప్రిస్, కొలంబియాలో ఇన్విమా, అర్జెంటీనాలో అన్మాత్. బ్రెజిల్‌ది అన్విసా, పైగా అక్కడి భాష పోర్చుగీసు. ఎవరి నిబంధనలు వారివి, ఎవరి మాటతీరు వారిది. అన్నిటినీ తలా కాస్త చదివినవారు రెండో ప్రశ్నకే తేలిపోతారు. ఒక్క దేశాన్ని పట్టుకోండి. మీకు మెక్సికోయే సరైనది. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడ 12.6 కోట్ల మంది ఉన్నారు. స్పానిష్ మాట్లాడేవారు ప్రపంచంలో అందరికంటే ఎక్కువగా ఉన్నది అక్కడే. హైదరాబాద్‌తో లంకె కూడా ఉంది. డాక్టర్ రెడ్డీస్ 2005లో రోష్ కంపెనీ నుంచి కొన్న ఏపీఐ (మందుల్లోని అసలు ఔషధ పదార్థం) ప్లాంటు మెక్సికోలోని కుయెర్నవాకాలో ఉంది.

స్పెయిన్ కోర్సు ఆలోచన ప్రస్తుతానికి వద్దు. ఖర్చు ఒక కారణమైతే, అక్కడి మాట వేరు కావడం మరో కారణం. స్పెయిన్‌లో స్నేహితులను ‘మీరంతా’ అనడానికి ‘వొసోత్రోస్’ అంటారు, మెక్సికోలో ఎవరినైనా ‘ఉస్తెదెస్’ అనే అంటారు. స్పెయిన్‌లో బస్సు ‘పట్టుకోవడానికి’ వాడే ‘కొహెర్’ అనే క్రియ మెక్సికోలో బూతు, అక్కడ ‘తొమార్’ అనాలి. మీ పనిలో ఈ తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. టాబ్లెట్‌ను స్పెయిన్‌లో ‘కొంప్రిమీదో’ అంటే మెక్సికోలో ‘తబ్లెతా’ అంటారు. ఇంజెక్షన్ ఆంప్యూల్ స్పెయిన్‌లో ‘అంపోయా’, మెక్సికోలో ‘అంపొయెతా’. ఇప్పుడు మీరు చదువుతున్న ఆన్‌లైన్ కోర్సు స్పెయిన్ ఉచ్చారణతో ఉంటే, వినడం వరకైనా మెక్సికో రేడియోకి మారండి. మెక్సికో జాతీయ విశ్వవిద్యాలయం నడిపే రేడియో ఉనామ్ ఇంటర్నెట్‌లో ఉచితం. అర్థం తెలియని మెక్సికో మాటలకు కొలేహియో దె మెహికో వారి ‘మెక్సికో స్పానిష్ నిఘంటువు’ కూడా ఉచితమే. ఆ దేశం పేరును వాళ్లు ‘మెహికో’ అని పలుకుతారు. ఇంటర్వ్యూలో స్పానిష్‌లో మాట్లాడుతూ ‘మెక్సికో’ అంటే అక్కడే తెలిసిపోతుంది.

ఇక అసలు పని. దేశాన్ని తెలుసుకోవడానికి చరిత్ర పుస్తకంతో కాకుండా మందుల డబ్బాతో మొదలుపెట్టండి. మెక్సికోలో అమ్మే ఏదైనా మందు పెట్టె ఫొటో ఆన్‌లైన్ ఫార్మసీల్లో దొరుకుతుంది. పారాసిటమాల్, మెట్‌ఫార్మిన్, ఒక యాంటీబయాటిక్... ఇలా పది పెట్టెలు తీసుకోండి. మందుల లేబుల్ నిబంధన నోమ్-072, 2012 నాటిది. అధికార గెజిట్ ‘దియారియో ఒఫిసియాల్’ వెబ్‌సైట్‌లో ఉచితంగా చదవొచ్చు. పెట్టె మీది ప్రతి వాక్యం ఆ నిబంధనలో ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తించండి. ‘లోతె’ అంటే బ్యాచ్, ‘కదుసిదాద్’ అంటే గడువు తేదీ, ‘హరాబె’ అంటే సిరప్. ఈ ‘హరాబె’ మన షర్బత్‌కు చుట్టమే, రెండింటికీ మూలం అరబీ. పది పెట్టెలు పూర్తయ్యేసరికి ఆ రంగంలో నిత్యం వాడే రెండు మూడు వందల మాటలు మీకు పట్టుబడతాయి. ఏ కోర్సూ ఈ మాటలు నేర్పదు. ఆ తర్వాత తయారీ ప్రమాణాల నిబంధన నోమ్-059 తీసుకోండి. మన దేశపు తయారీ ప్రమాణాల నిబంధన షెడ్యూల్ ఎం మీరెలాగూ చదివారు కాబట్టి రెండూ పక్కపక్కన పెట్టుకుంటే భాషా వస్తుంది, విషయమూ వస్తుంది.

ఆ పెట్టెల వెనక జనజీవితం కూడా ఉంది. యాంటీబయాటిక్ పెట్టె మీద ప్రిస్క్రిప్షన్ తప్పనిసరి అని ఎందుకుంటుంది? 2010 ఆగస్టు 25 నుంచి చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మకూడదన్న నియమాన్ని అమల్లోకి తెచ్చారు. దాంతో ఫార్మసీ పక్కనే చవకగా చూసే డాక్టరు గదులు ఊరూరా పెరిగాయి. బుగ్గ మీసాల డాక్టర్ సిమీ బొమ్మ దుకాణం ముందు గంతులేస్తూ కనిపించే ‘ఫార్మాసియాస్ సిమిలారెస్’ గొలుసు జెనరిక్ మందులను ‘అదే మందు, కానీ చవక’ అంటూ అమ్ముతుంది. ప్రైవేటు ఉద్యోగుల ఆరోగ్య బీమా చూసే ఇమ్స్ 1943లో ఏర్పడింది. మన ఈఎస్‌ఐతో పోల్చి చూడండి, కానీ అది చాలా పెద్దది. మందులు ఎవరు కొంటారు, ఎవరు డబ్బు కడతారు అన్నది ఈ మూడింటితో సగం అర్థమవుతుంది. ఇంటర్వ్యూలో టాకోల బదులు ఇది చెప్పండి.

ఎక్కువమంది చేసే తప్పులు భాషలో కాదు, చిన్నచిన్న పద్ధతుల్లో. పేర్ల సంగతి చూడండి. మెక్సికోలో సాధారణంగా ఒక్కొక్కరికీ రెండు ఇంటిపేర్లుంటాయి. ముందుది తండ్రిది, తర్వాతిది తల్లిది. 2024 అక్టోబరు 1న పదవి చేపట్టిన అధ్యక్షురాలు క్లాదియా షేన్‌బౌమ్ పార్దోని ‘ప్రెసిదెంతా షేన్‌బౌమ్’ అంటారు, పార్దో అనరు. మనవాళ్లు చివరి పేరే ఇంటిపేరు అనుకుని మెయిల్‌లో తల్లి ఇంటిపేరు రాసేస్తారు. జాబితాలో పేరు వెతికినా అదే పొరపాటు, దొరకదు. పెళ్లయినా స్త్రీల ఇంటిపేరు చట్టపరంగా మారదు. పేరుకు ముందు హోదా ముఖ్యం. డిగ్రీ చేసినవారు ‘లిసెన్సియాదో’, ఇంజినీరు ‘ఇంహెనియెరో’. ఫార్మాలో కెమిస్ట్-ఫార్మసిస్ట్ డిగ్రీ ఉన్న మహిళను ‘కీమికా’ అని సంబోధించడం మామూలే. మొదటి పరిచయంలో ‘తూ’ అనకండి, ‘ఉస్తెద్’ అనండి. మన ‘మీరు’, ‘నువ్వు’ తేడా లాంటిదే కాబట్టి ఇంగ్లిష్ మాత్రమే వచ్చినవారికంటే తెలుగువారికి ఇది తేలిక. తూ అనుకుందామని వాళ్లే చెప్పేదాకా ఆగండి. ఒక మాట వినబడకపోతే ‘కే?’ (ఏంటి?) అని అడగడం మొరటు, ‘మాందె?’ అనడం మర్యాద. భోజనం చేస్తున్నవారి పక్క నుంచి వెళ్తూ, బాగా తినండి అన్న అర్థంలో ‘ప్రొవెచో’ అంటారు. ఇక ‘అఒరీతా’. నిఘంటువులో ఇప్పుడే అని ఉంటుంది. ఐదు నిమిషాలు కావచ్చు, రేపు కావచ్చు. మన ‘ఇదిగో వచ్చేస్తున్నా’కి అన్నదమ్ముడు. డోసియర్ విషయంలో ఆ మాట వినగానే తేదీ, గంట మర్యాదగా అడిగి రాసుకోండి.

అంకెల విషయంలో జరిగే పొరపాటు ఖరీదైనది. స్పానిష్‌లో ‘బియోన్’ ఇంగ్లిష్ బిలియన్ కాదు. బిలియన్ అంటే వంద కోట్లు, దాన్ని వాళ్లు ‘మిల్ మియోనెస్’ అంటారు. ‘బియోన్’ అంటే లక్ష కోట్లు. దశాంశానికి మెక్సికోలో చుక్క వాడతారు, స్పెయిన్, అర్జెంటీనాల్లో కామా. ఒకే కంపెనీలో ఈ మూడు దేశాల ఫైళ్లు చూసేవారు 0.5 మిల్లీగ్రాముల దగ్గర రెండుసార్లు చూసుకోవాలి. ఇంకొకటి, రోజుకొకసారి అని చెప్పడానికి ఇంగ్లిష్ చీటీలో రాసే ‘వన్స్’ అక్షరాలను స్పానిష్ మనిషి ‘ఓన్సె’ అని చదువుతాడు. ఓన్సె అంటే పదకొండు! ఔషధ భద్రతా విభాగంలో ఇది పాఠం లాంటి ఉదాహరణ. అదే విభాగంలో ‘ఇంతొక్సికాసియోన్’ కనబడితే తాగిన మత్తు అని అనువదించకండి. అది విషప్రభావం, ఫుడ్ పాయిజనింగ్ కూడా.

సమయం సంగతి. మెక్సికో నగరం మనకంటే 11 గంటల 30 నిమిషాలు వెనక. 2022 అక్టోబరులో దేశంలో చాలాచోట్ల వేసవికాలపు గడియారం మార్పును ఎత్తేశారు కాబట్టి ఈ తేడా ఏడాది పొడవునా అంతే. అక్కడ ఉదయం 9 అయితే ఇక్కడ రాత్రి 8.30. వాళ్ల ప్రధాన భోజనం మధ్యాహ్నం 2 నుంచి 4 మధ్య. అంటే కాల్స్‌కు మీకు దొరికేది రాత్రి 8.30 నుంచి 1.30 లోపు. ఈ ఉద్యోగంలో వేళలు అలాగే ఉంటాయని ఇంట్లో ఇప్పుడే చెప్పి ఉంచండి. ఫిబ్రవరి మొదటి సోమవారం, మార్చి, నవంబరుల్లో మూడో సోమవారం సెలవులు. సెప్టెంబరు 16 స్వాతంత్ర్య దినం. మే 5ను చాలామంది స్వాతంత్ర్య దినం అనుకుంటారు, అది 1862 నాటి ప్యూబ్లా యుద్ధం గుర్తు. డిసెంబరు 12న గ్వాదలూపే మాత పండగ నుంచి జనవరి 6 (రేయెస్, అంటే రాజుల పండగ) దాకా ఆఫీసులు నెమ్మదిస్తాయి. దానికి వాళ్లే ‘గ్వాదలూపే-రేయెస్’ అని సరదా పేరు పెట్టుకున్నారు. డిసెంబరు చివరి వారంలో సంతకం కావాలని అడిగారంటే సంక్రాంతి రోజున మన ఆఫీసులో ఫైలు అడిగినట్టే.

మాటామంతీకి ఏం మాట్లాడాలన్న బెంగ వద్దు, మన వంటిల్లే సగం మెక్సికో. మీ గుంటూరు మిరప జన్మస్థలం అదే. టమాటా, చాక్లెట్ అన్న మాటలు, సపోటా పేరు అక్కడి నవాత్ల్ భాష నుంచి స్పానిష్ మీదుగా వచ్చినవే. ఆ భాష ఇప్పటికీ బతికే ఉంది. స్పానిష్ కాకుండా మెక్సికో గుర్తించిన ఆదివాసీ జాతీయ భాషలు 68. హరిత విప్లవం కోసం 1966లో భారత్ తెప్పించిన 18,000 టన్నుల గోధుమ విత్తనం మెక్సికోదే. నోబెల్ కవి ఒక్తావియో పాస్ 1962 నుంచి 1968 దాకా ఢిల్లీలో వాళ్ల రాయబారి. విద్యార్థులపై మెక్సికో ప్రభుత్వం కాల్పులు జరిపినందుకు నిరసనగా ఆ పదవి వదిలేశాడు. మాఫియా ప్రస్తావన మాత్రం మీరు తేకండి, సరదాకైనా సరే. మీరు శాకాహారులైతే ‘మాంసం లేదు’ అని చెబితే సరిపోదు. అన్నం కోడి రసంలో, రాజ్మా పంది కొవ్వులో వండుతారు. ‘సిన్ కాల్దో దె పొయో, సిన్ మంతేకా’ అని విడిగా చెప్పాలి.

చదువు ప్రణాళికకు వస్తే, రోజుకు గంట చొప్పున దాదాపు ఏడాదిలో ఏ2 నుంచి స్వతంత్రంగా మాట్లాడగల బీ2 స్థాయికి చేరవచ్చు. అందులో 20 నిమిషాలు మాట్లాడటానికే కేటాయించండి, చాలామంది అక్కడే వెనకబడతారు. పరీక్షల్లో దెలె సర్టిఫికెట్‌కు గడువు లేదు. అందులో చదవడం-రాయడం ఒక జట్టు, వినడం-మాట్లాడటం మరో జట్టు. ఒక్కో జట్టులో 50కి 30 రాకపోతే మొత్తం పోయినట్టే. సియెలె కంప్యూటర్ మీద రాసేది, వెయ్యి పాయింట్లకు, 5 ఏళ్లు చెల్లుతుంది. దాన్ని నడిపేవారిలో మెక్సికో జాతీయ విశ్వవిద్యాలయం కూడా ఉంది కాబట్టి మెక్సికో యాస వినిపిస్తుంది. మీరు చివరి సెమిస్టర్‌లో సియెలె రాయండి, దెలె బీ2 ఉద్యోగంలో చేరాక చూసుకోవచ్చు. బీఫార్మసీ వదిలి స్పానిష్ బీఏకి మారాలన్న ఆలోచన ఉంటే మానుకోండి. హైదరాబాద్‌లోని ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో మంచి స్పానిష్ చదువు ఉంది, కానీ అది అనువాదం, బోధన వైపు వెళ్లేవారికి. మీ బలం ఫార్మసీ. భాష దానికి తోడు మాత్రమే.

మీ నాన్నగారి భయానికి కారణం లేకపోలేదు. అయితే మెక్సికో 31 రాష్ట్రాలు, రాజధాని కలిసిన దేశం. యుకతాన్ రాష్ట్రం అక్కడి ప్రశాంత ప్రాంతాల్లో ముందు వరసలో ఉంటుంది, సినలోవా వార్తల్లోకెక్కేది గొడవలతో. దేశం మొత్తాన్ని కాకుండా, పంపుతామన్న నగరాన్ని పేరుతో పట్టుకుని ఆయనతో చూడండి. నిజానికి ఈ ఉద్యోగంలో మొదటి రెండు మూడేళ్లు హైదరాబాద్ నుంచే పని, ప్రయాణం ఉంటే వారం పది రోజులు. చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉన్న భారతీయులు మీటింగులకు మెక్సికో వీసా లేకుండా 180 రోజుల దాకా వెళ్లొచ్చు. అక్కడ జీతం తీసుకోవాలంటే మాత్రం కంపెనీ ముందుగా అక్కడి వలస శాఖ అనుమతి తేవాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే, ఇనీషియల్ మాత్రమే ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి. మెక్సికో ఫారాల్లో మొదటి ఇంటిపేరు గడి తప్పనిసరి, రెండోది వదిలేయొచ్చు.